యుద్ధ చరిత్ర చదవాలంటే ముందు ఏ పుస్తకం? గోదావరి జిల్లాల పాఠకుల కోసం ఒక పోలిక

యుద్ధ చరిత్ర చదవాలనుంది, దేంతో మొదలుపెట్టమంటారు అని ఎవరినైనా అడిగి చూడండి, పాతిక పేర్ల లిస్టు ఒకటి చేతిలో పెడతారు. అందులో పనికిరాని పుస్తకం ఒక్కటీ ఉండకపోవచ్చు. కానీ అమలాపురంలోనో తణుకులోనో ఉంటూ, ఇంట్లో మిలటరీ వాళ్లెవరూ లేకుండా, కాలేజీలో చరిత్ర సబ్జెక్టు కూడా తీసుకోకుండా, కేవలం ఆసక్తి కొద్దీ మొదలుపెట్టే మనిషికి ఆ పాతికలో ముందు ఏది అన్నదే అసలు చిక్కు. మొదటి పుస్తకం కుదరకపోతే అరవయ్యో పేజీ దగ్గర చదువు ఆగిపోతుంది, రెండోది కొనబుద్ధి కాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి పుస్తకం పేరున్నదో లావుదో కానక్కర్లేదు, మీరు వెళ్లి నిలబడి చూడగలిగిన నేల మీద జరిగిన యుద్ధం గురించైతే చాలు. డెల్టాలో ఉన్నవాళ్లకి అలాంటి యుద్ధం పక్కనే ఉంది. అది అందరికీ నచ్చుతుందని చెప్పను, అందుకే మిగతా దారులు కూడా పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు ఏం చూసుకోవాలి

అన్నిటికంటే ముందు నేల. ఏరు ఎటు ఉంది, గట్టు ఎంత ఎత్తు, దారి ఎక్కడ ఇరుకైంది అన్నది అర్థం కాకపోతే యుద్ధ వర్ణన అంతా పేర్ల వరుసగా మిగిలిపోతుంది. పుస్తకంలో మ్యాపులు లేకపోతే ఫోన్లో మ్యాపు తెరిచి పక్కన పెట్టుకుని చదవగలరా అని మిమ్మల్ని మీరే అడగండి. వరద రోజుల్లో లంకల్లోకి పడవ మీద వెళ్లినవాళ్లకి, నల్లరేగడిలో ట్రాక్టరు దిగబడితే తీసినవాళ్లకి నేల సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు, ఆ తెలివి పుస్తకం దగ్గర కూడా వాడుకోవాలి, అంతే.

రెండోది, చెప్పేది ఎవరు. గెలిచినవాడా, ఓడినవాడా, ఈస్టిండియా కంపెనీ జీతగాడా, వందేళ్ల తర్వాత కాగితాలు తిరగేసిన ప్రొఫెసరా? ప్రతివాడికీ ఒక చూపు ఉంటుంది, అందులో తప్పు లేదు, కానీ అది ఎవరి చూపో మొదటి ఇరవై పేజీల్లోనే మనకి తెలిసిపోవాలి.

మూడోది చాలామంది పట్టించుకోరు: తిండి, డబ్బు, జబ్బు. సైన్యం రోజుకి ఎన్ని బస్తాల బియ్యం తింటుంది, జీతాలు ఎవరిస్తారు, మలేరియాకి ఎంతమంది పడిపోయారు అన్నవి చెప్పని పుస్తకం సగం యుద్ధమే చెప్పినట్టు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ కూడా మద్రాసు సైన్యపు ఇంజనీరే, మొదటి బర్మా యుద్ధంలో పనిచేసి వచ్చినవాడే. దారులు, నీళ్లు, సరుకు రవాణా అన్నవి సైన్యానికి ఎంత ముఖ్యమో ఆ ఒక్క మనిషి ఉద్యోగం చూస్తేనే తెలుస్తుంది.

భాష, ధర సంగతి చివర చెప్తాను.

మన పక్కనే జరిగిన యుద్ధం: చందుర్తి

గొల్లప్రోలు పక్కన చందుర్తి దగ్గర 1758 డిసెంబర్‌లో ఇంగ్లీషువాళ్లకీ ఫ్రెంచివాళ్లకీ యుద్ధం జరిగింది. ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని కాండోర్ యుద్ధం అంటారు. క్లైవ్ బెంగాల్ నుంచి పంపిన కల్నల్ ఫోర్డ్ ఒక వైపు, అతనికి తోడు విజయనగరం ఆనందరాజు. రెండో వైపు ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్. తెల్ల సైనికులు రెండు పక్కలా సుమారు 500 మంది చొప్పునే, మిగతావాళ్లంతా సిపాయిలే. అంటే పోరాడింది ఎక్కువగా మన దేశపు మనుషులే.

ఈ యుద్ధంలో ఒక ఘట్టం ఉంది, మొదటిసారి చదివేవాళ్లని అదే పట్టేస్తుంది. ఫోర్డ్ దగ్గరున్న తెల్ల సైనికులు ఎత్తుగా పెరిగిన చేను వెనక ఉండిపోయారు, అవతలివాళ్లకి కనపడలేదు. పక్కన నిలబడ్డ ఇంగ్లీషు సిపాయిలు ఎర్ర కోట్లు వేసుకున్నారు. ఫ్రెంచివాళ్లు ఆ ఎర్ర కోట్లు చూసి వీళ్లే ఇంగ్లీషు తెల్ల పటాలం అనుకుని బలమంతా అటే తిప్పారు. సిపాయిలు వెనక్కి తగ్గారు, ఫ్రెంచివాళ్లు వరుసలు చెదిరిపోయి వెంటబడ్డారు, అప్పుడు చేను వెనక నుంచి అసలు పటాలం బయటికొచ్చి కాల్పులు మొదలుపెట్టింది. పైరు ఎత్తు, కోటు రంగు, ఒక తొందరపాటు, ఈ మూడూ కలిసి రోజుని తిప్పేశాయి. గొల్లప్రోలులో రైలు దిగి ఆ ఊరి పొలాల మధ్య నిలబడితే పైరు వెనక ఏం కనపడుతుందో ఏం కనపడదో మీ కళ్లతోనే తేల్చుకోవచ్చు. ఏ పుస్తకమూ ఇంతకంటే బాగా నేర్పలేదు.

కథ అక్కడితో ఆగలేదు. ఓడిన కాన్‌ఫ్లాన్ రాజమండ్రి మీదుగా మచిలీపట్నం చేరుకున్నాడు. ఫోర్డ్ మాత్రం వెంటనే తరమలేకపోయాడు, ఎందుకంటే ఆనందరాజు ఇస్తానన్న డబ్బు ఇవ్వలేదు. డిసెంబర్‌లో గెలిచిన సైన్యం మచిలీపట్నం కోట ముందుకి చేరేసరికి మార్చి వచ్చేసింది. 1759 ఏప్రిల్ 7 రాత్రి కోట మీద పడ్డారు, తెల్లారేసరికి కోట దక్కింది. ఊబి నేల ఉన్న వైపు నుంచి ఎవరూ రాలేరని లోపలివాళ్ల ధీమా, అటు నుంచి కూడా ఒక దొంగ దాడి చేయించి వాళ్ల దృష్టి మళ్లించారు. గోదావరి జిల్లాలు ఫ్రెంచివాళ్ల చేతిలోంచి ఇంగ్లీషువాళ్ల చేతిలోకి పోవడానికి దారి పడింది ఇక్కడే, 1954 దాకా ఫ్రెంచివాళ్లకి ఈ పక్కన మిగిలింది యానాం ఒక్కటే.

దీన్ని దేంట్లో చదవాలి? రెండు పుస్తకాలున్నాయి. రాబర్ట్ ఓర్మ్ రాసిన కంపెనీ యుద్ధాల చరిత్ర మొదటి సంపుటం 1763లో, రెండోది 1778లో వచ్చింది. ఓర్మ్ మద్రాసు కౌన్సిల్‌లో సభ్యుడిగా పనిచేసినవాడు, ఆ కాలం మనుషులతో మాట్లాడి, ఉత్తరాలు సేకరించి రాశాడు. వివరం విపరీతంగా ఉంటుంది. రెండోది మాలెసన్ 1883లో వేసిన 'ద డిసైసివ్ బ్యాటిల్స్ ఆఫ్ ఇండియా', ఇందులో చందుర్తి, మచిలీపట్నం కలిపి ఒక అధ్యాయం. ఓర్మ్ దగ్గర సరుకు ఎక్కువ, కానీ వాక్యాలు పొడుగు, ఊళ్ల పేర్లు మనం పోల్చుకోలేనంతగా మారిపోయి ఉంటాయి. మాలెసన్ అధ్యాయం ఒక ఆదివారం మధ్యాహ్నం అయిపోతుంది, కానీ ఇంగ్లీషువాళ్ల పరాక్రమం మీద మోజు ప్రతి పేజీలోనూ తెలుస్తుంది. నా సలహా మాలెసన్ అధ్యాయం ముందు చదివి, తర్వాత ఓర్మ్‌లో ఆ భాగం మాత్రం తీసి పక్కన పెట్టుకోమని. ఒకే యుద్ధాన్ని ఇద్దరు ఎలా చెప్పారో చూడటం అలవాటైతే యుద్ధ చరిత్ర చదవడం వచ్చినట్టే.

ఇద్దరిలోనూ లేనిది ఒకటుంది. ఆ చేను ఎవరిది, రెండు సైన్యాలు వెళ్లిపోయాక ఆ ఊళ్లో ఏం మిగిలింది అన్నది ఇద్దరూ రాయలేదు. ఆ ఖాళీని గుర్తుపెట్టుకుని చదవండి.

బొబ్బిలి, పల్నాడు, అల్లూరి: తెలుగులో ఉన్న దారి

ఇంగ్లీషు వద్దు అనుకునేవాళ్లు సహజంగా ఇటే వస్తారు. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగింది, చందుర్తికి దాదాపు రెండేళ్ల ముందు. బుర్రకథలో విన్న తాండ్ర పాపారాయుడు మనందరికీ తెలుసు. అదే ఘటన ఓర్మ్‌లో కూడా ఉంది, విజయనగరం రాజు విజయరామరాజుని డేరాలో చంపడం ప్రతీకారం తీర్చుకుంటామని ప్రమాణం చేసిన కొందరు సైనికుల పనిగా ఆయన రాస్తాడు. కథాగానం ఒక వీరుడిని నిలబెడుతుంది, ఓర్మ్ కొంతమంది సైనికులని చూపిస్తాడు. ఈ రెంటినీ కలిపి చదవకపోతే నష్టం మనదే. శ్రీనాథుడి పేరు మీద ఉన్న పల్నాటి వీరచరిత్ర కూడా అంతే, 12వ శతాబ్దపు యుద్ధాన్ని తర్వాతి తరాలు ఎలా తలుచుకున్నాయో దాంట్లో దొరుకుతుంది గానీ సైన్యాల లెక్క దాన్నుంచి తీయకూడదు.

అల్లూరి సీతారామరాజు మీద తెలుగులో పుస్తకాలకి కొదవ లేదు. వాటిలో ఎంచుకునేటప్పుడు ఒక్క పరీక్ష పెట్టండి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడి చేసి తుపాకులు పట్టుకెళ్లారు కదా, ఆ మూడు ఊళ్ల మధ్య దూరం, కొండదారి, ముందే కబురు ఎలా చేరేది, మన్యం ఊళ్లు తిండి ఎలా పెట్టాయి అన్నది ఆ పుస్తకం చెప్తుందా? చెప్తే అది యుద్ధ చరిత్ర. ఆవేశం మాత్రమే ఉంటే అది మంచి జీవిత కథ కావచ్చు, మీ అవసరానికి మాత్రం చాలదు.

సేనాని స్వయంగా రాసినవి: స్లిమ్, దాల్వీ

ఆత్మకథల్లో, మొదటిసారి చదివేవాళ్లకి నేను చెప్పేవి రెండే. విలియం స్లిమ్ రాసిన 'డిఫీట్ ఇంటు విక్టరీ' 1956లో వచ్చింది, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో ఓడి వెనక్కి వచ్చిన సైన్యాన్ని మళ్లీ నిలబెట్టి 1944లో ఇంఫాల్, కోహిమా దగ్గర జపాన్‌ని ఆపి, తర్వాత రంగూన్ దాకా తీసుకెళ్లిన కథ. రెండోది బ్రిగేడియర్ జాన్ దాల్వీ 1969లో వేసిన 'హిమాలయన్ బ్లండర్', 1962 చైనా యుద్ధంలో, హిమాలయాల్లోని నామ్కా చూ ఏటి ఒడ్డున ఆయన బ్రిగేడ్ ఎలా నాశనమైందో ఆయనే చెప్పినది.

స్లిమ్ పుస్తకం మన జిల్లాలవాళ్లని ఇంకో విధంగా కూడా పట్టుకుంటుంది. రంగం (రంగూన్) వెళ్లి పనిచేసిన తాతలు, 1942లో బర్మా నుంచి అడవుల్లో నడుచుకుంటూ తిరిగొచ్చినవాళ్లు ఇటు చాలా కుటుంబాల్లో ఉన్నారు. వాళ్లు నడిచిన రోజుల్లోనే స్లిమ్ సైన్యం కూడా వెనక్కి నడిచింది. అదే 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద, విశాఖపట్నం మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ రోజులు ఇంట్లో విన్న మాటగా తెలిసినవాళ్లకి, సేనాని వైపు నుంచి అవెలా ఉన్నాయో చదవడం మామూలు విషయం కాదు.

ఇక తిండి, జబ్బు సంగతికొస్తే స్లిమ్‌ని మించినవాడు లేడు. 1943లో గాయంతో ఒక్కడిని వెనక్కి పంపితే జబ్బుతో 120 మందిని పంపాల్సి వచ్చిందని ఆయనే రాశాడు. మలేరియా మాత్రలు సైనికులు మింగుతున్నారో లేదో చెప్పకుండా వెళ్లి తనిఖీ చేయించాడు, మింగించని అధికారులని పదవుల్లోంచి తీసేశాడు. విమానం నుంచి సరుకు వదలడానికి పట్టు పారాచూట్లు దొరక్కపోతే కలకత్తాలో జనపనారతో పారాచూట్లు కుట్టించాడు. మన మిల్లుల్లో ధాన్యం నింపే గోనె ఉంది చూడండి, ఆ నారే. ఒక సైన్యం బతికి బట్టకట్టడం వెనక ఇలాంటి పనులు ఎన్ని ఉంటాయో ఈ పుస్తకం విసుగు లేకుండా చెప్తుంది. పైగా తను ఎక్కడ తప్పు అంచనా వేశాడో దాచుకోడు.

దాల్వీది వేరే రకం. కోపంతో రాసిన పుస్తకం, ఆ కోపానికి కారణం ఉంది. నూలు బట్టల్లో, చాలీచాలని తూటాలతో మనుషుల్ని హిమాలయాల్లో ఏటి పక్క పల్లంలో నిలబెట్టారు, విమానాలు వదిలిన సరుకులో చాలా భాగం లోయల్లో పడిపోయింది. అక్టోబర్ 20 పొద్దున చైనా దాడి మొదలైంది, 22న దాల్వీ పట్టుబడ్డాడు. నెలల తరబడి బందీగా ఉండి వచ్చిన మనిషి తన వాళ్ల తరఫున చెప్పుకుంటున్నాడని గుర్తుంచుకుని చదవాలి. ఢిల్లీలో నిర్ణయాలు తీసుకున్నవాళ్ల మాట ఇందులో ఉండదు, దాన్ని ఇంకోచోట వెతుక్కోవాలి.

రెంట్లో ఏది ముందు అంటే, ఓపిక ఉంటే స్లిమ్. ఇది 500 పేజీలు దాటుతుంది, పటాలాల పేర్లు మొదట తికమక పెడతాయి. మన దేశం గురించి వెంటనే తెలుసుకోవాలన్న తపన ఉంటే దాల్వీ, ఆపకుండా చదివిస్తుంది.

సైనికుడి కళ్లతో: జాన్ కీగన్

1976లో వచ్చిన 'ద ఫేస్ ఆఫ్ బ్యాటిల్' మూడే యుద్ధాలు తీసుకుంటుంది, 1415 అజిన్‌కోర్ట్, 1815 వాటర్‌లూ, 1916 సోమ్. కీగన్ ఇంగ్లండ్‌లో సైనికాధికారులకి పాఠాలు చెప్పినవాడు, తను ఏ యుద్ధంలోనూ లేనని మొదటే ఒప్పుకుని మొదలుపెడతాడు. ఆయన అడిగే ప్రశ్నలు చాలా మామూలుగా ఉంటాయి. గుర్రాల దండు వచ్చి కాల్బలాన్ని ఢీకొట్టింది అని అందరూ రాస్తారు కదా, గుర్రం నిజంగా గుంపుగా నిలబడ్డ మనుషుల్లోకి దూకుతుందా? దూకదు, ఆగిపోతుంది, పక్కకి తిరుగుతుంది. అలాంటప్పుడు వాటర్‌లూలో అసలు ఏం జరిగింది? ఇలా ఒక్కో మాటనీ పట్టుకుని లాగుతాడు. 1916 జూలై 1న, ఆ ఒక్క రోజులోనే, సోమ్ దగ్గర బ్రిటిష్ సైన్యం 57,000 మందికి పైగా నష్టపోయింది, అందులో చనిపోయినవాళ్లే 19,000 పైచిలుకు. ఆ అంకె వెనక ఒక్కో మనిషికి ఏం కనపడింది, ఏం వినపడింది అన్నదే ఆయన వెతుకులాట.

ఇది గొప్ప పుస్తకం, కానీ మొదటిది కాకూడదని నా గట్టి నమ్మకం. మొదటి అధ్యాయం అంతా చరిత్రకారులు యుద్ధాల్ని ఎలా రాస్తున్నారు అన్న విమర్శ, వేరే పుస్తకం ఒక్కటైనా చదవనివాళ్లకి అది ఎక్కదు. చందుర్తి చదివాక చదివితే ప్రతి పేజీలోనూ ఆ చేను గుర్తొస్తుంది. ఎర్ర కోటు వేసుకుని ముందు నిలబడ్డ సిపాయికి తను ఎరగా మారానని తెలుసా అని మీకే అనిపిస్తుంది.

సిద్ధాంతాలు, లావు పుస్తకాలు

ప్రాచీన చైనాకి చెందిన సన్ జూ పేరు మీద ఉన్న 'ఆర్ట్ ఆఫ్ వార్' 13 చిన్న అధ్యాయాలు, ఒక సాయంత్రంలో అయిపోతాయి, అందుకే అందరూ దీంతోనే మొదలుపెడతారు. ఉదాహరణలు తెలియకుండా సూత్రాలు చదివితే ప్రతిదీ నిజమే అనిపిస్తుంది, ఏదీ గుర్తుండదు. ప్రష్యా (ఇప్పటి జర్మనీ వైపు) సైనికాధికారి క్లాజ్‌విట్జ్ రాసిన 'ఆన్ వార్' రచయిత చనిపోయాక 1832లో భార్య అచ్చువేయించిన అసంపూర్ణ గ్రంథం, చదవాల్సిందే కానీ రెండు మూడేళ్లు ఆగి. కౌటిల్యుడి అర్థశాస్త్రం తెలుగు తాత్పర్యంతో చదువుకోవచ్చు, 15 అధికరణాల్లో పదోది యుద్ధం గురించి. మజిలీలు, వ్యూహాలు, ఏ నేల మీద ఏ దళం పనికొస్తుంది అన్నవి అందులో ఉన్నాయి. తిక్కన యుద్ధపర్వాలు చదివి వ్యూహం అనే మాట మీద ఇష్టం పెరిగినవాళ్లకి ఇది నచ్చుతుంది.

ప్రాచీన కాలం నుంచి నేటిదాకా అన్ని యుద్ధాలూ ఒకే సంపుటంలో ఉండేవి బల్ల మీద పెట్టుకుని అవసరమైనప్పుడు తీసి చూసేవి. మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవాలని కూర్చోకండి. మొత్తం ఒకసారి తెలుసుకోవాలనే పట్టుదల ఉంటే మైకేల్ హోవార్డ్ 'వార్ ఇన్ యూరోపియన్ హిస్టరీ' చిన్నది, యూరప్ వరకే పరిమితం.

పక్కపక్కన పెడితే

| పుస్తకం | బలం | ఇబ్బంది | ఎన్నోది |
|---|---|---|---|
| మాలెసన్ (ఒక అధ్యాయం) | నేల దగ్గర, చిన్నది | కంపెనీ పక్షపాతం | మొదటిది |
| ఓర్మ్ (ఆ భాగం వరకు) | వివరం, ఆ కాలపు సాక్ష్యం | పాత ఇంగ్లీషు | మాలెసన్ వెంటనే |
| స్లిమ్ | తిండి, జబ్బు, రవాణా, నిజాయితీ | పొడుగు | రెండోది |
| దాల్వీ | వేగం, మన దేశం | ఒక వైపు మాటే | మొదటిదైనా సరే |
| కీగన్ | ప్రశ్నలు అడగడం నేర్పుతుంది | మొదటి అధ్యాయం బరువు | మూడోది |
| అర్థశాస్త్రం, సన్ జూ | సూత్రాలు | ఉదాహరణలు తక్కువ | తర్వాత ఎప్పుడైనా |

మీరు ఎవరో దాన్నిబట్టి

గ్రూప్స్‌కో సివిల్స్‌కో చదువుతున్నవాళ్లకి టైం తక్కువ, టెన్షన్ ఎక్కువ. వాళ్లు మాలెసన్ అధ్యాయం, దాల్వీ చదివి ఆగితే చాలు, మిగతాది ఉద్యోగం వచ్చాక.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం లాంటి ఊళ్లవాళ్లు, అంటే రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఇళ్లవాళ్లు, స్లిమ్ తర్వాత శ్రీనాథ్ రాఘవన్ 2016లో రాసిన 'ఇండియాస్ వార్' తప్పకుండా తీసుకోండి. రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి సుమారు 25 లక్షల మంది సైన్యంలో చేరారు. వాళ్లని ఎలా చేర్చుకున్నారు, ఊళ్లలో ధరలు ఎలా పెరిగాయి, ఎవరికి లాభం వచ్చింది అన్నది అందులో ఉంది. ఇంట్లో రిటైరైన పెద్దాయన ఉంటే చదువుతూ ఆయన్ని అడగండి. పుస్తకం చెప్పని సంగతులు ఆయన దగ్గర దొరుకుతాయి, ఆయన మర్చిపోయిన తేదీలు పుస్తకంలో దొరుకుతాయి.

కృష్ణదేవరాయలంటే ఇష్టమున్నవాళ్లకి 1520 రాయచూరు యుద్ధం సరైన మొదలు. రాబర్ట్ సీవెల్ 1900లో వేసిన 'ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్' చివర న్యూనిజ్ అనే పోర్చుగీసు మనిషి రాసిన వర్ణన అనువాదం ఉంది, దాన్ని ముందు చదివి మిగతా పుస్తకానికి తర్వాత రండి.

ఇంగ్లీషు కొంచెం కష్టమైతే దాన్నిబట్టి వెనక్కి తగ్గకండి. దాల్వీ ఇంగ్లీషు తేలిక, స్లిమ్‌ది ఇంకా తేలిక, ఓర్మ్‌ది మాత్రమే కష్టం. రోజుకి పది పేజీలు, పక్కన ఫోన్లో మ్యాపు, ఊళ్ల పేర్లు రాసుకోవడానికి ఒక నోట్‌బుక్కు పెట్టుకుంటే నెల తిరిగేసరికి వేగం వస్తుంది.

ధర విషయానికొస్తే ఓర్మ్, మాలెసన్, సీవెల్ ముగ్గురి పుస్తకాలకీ కాపీరైట్ కాలం ఎప్పుడో తీరిపోయింది, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్లు ఉచితంగా ఉన్నాయి. స్లిమ్, కీగన్, రాఘవన్ పేపర్‌బ్యాకుల్లో వచ్చాయి, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్తే ఒకసారి చేతిలోకి తీసుకుని, మ్యాపులు ఎలా ఉన్నాయో తిరగేసి, అప్పుడు కొనండి. రాజమండ్రి దగ్గర్లో ఉండేవాళ్లు గౌతమీ గ్రంథాలయంలో పాత చరిత్ర పుస్తకాల కేటలాగు అడిగి చూడటం మంచిది.